రెఫరీ గారి బెల్లం

ఆదివారం పొద్దున లేవగానే పరశురాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. బజారుకు పోయి బెల్లం కొనాలి. బుగ్గ నిండేంత ముక్కలుగా కొట్టాలి. పిల్లల ఫుట్‌బాల్ ఆట మొదలయ్యేలోపు, గ్రౌండు చుట్టూ నిలబడే తల్లిదండ్రులకు తలా ఒక ముక్క ఇచ్చి నోట్లో వేయించాలి. బుగ్గన బెల్లం గడ్డ ఉన్న మనిషి అరవలేడు. అరుపులు లేకపోతే గొడవ లేదు. గొడవ లేకపోతే రెఫరీ విజిల్ తన మెడలోనే ఉంటుంది. ఇందులో తప్పు జరగడానికి ఎక్కడా సందు లేదని అతను గట్టిగా నమ్మాడు.

పరశురాములుకు మహబూబాబాద్‌లో, జనం మానుకోట అని పిలిచే ఊళ్లో, మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చేవాళ్లు మోటారు గురించి మాట్లాడతారు, ఎండిపోతున్న వరి గురించి మాట్లాడతారు, కరెంటోళ్లను తిడతారు, పోతారు. "నువ్వు తిన్నవా?" అని అడిగినవాడు లేడు. అడగడానికి వాళ్లకేం పని? ఇంట్లో అయితే మాట్లాడే మనిషే లేదు. భార్య లత చిల్పూర్‌లో అన్నగారింటికి పోయి మళ్లీ రాలేదు. పోవడానికి కారణం తాగుడు కాదు, కొట్టుడు కాదు. రూల్సు. చెప్పులు గడప పక్కన వరసగా విడవాలి. గ్లాసు కడిగి బోర్లించాలి. టీవీలో వార్తలు వస్తుంటే మాట్లాడకూడదు. తినేటప్పుడు మాట్లాడకూడదు. ఒకరోజు ఆమె "నీ రూల్సుతోనే సంసారం జేస్కో" అని బ్యాగు సర్దుకుంది. ఆ బ్యాగు దారికి అడ్డంగా పెట్టావని అతను అన్నాడు. వాళ్లిద్దరి మధ్య అదే ఆఖరు మాట.

ఇంట్లో పనికిరాని రూల్సు గ్రౌండులో పనికొచ్చాయి. మెడికల్ షాపు వెంకట్ ఊళ్లోని పిల్లలకూ చుట్టుపక్కల తండాల పిల్లలకూ కలిపి ఆదివారం ఫుట్‌బాల్ ఆటలు పెట్టాడు. జీతాలు లేవు, అందరూ మనసుండి వచ్చి చేసేవాళ్లే. ఒకరు సున్నంతో గీతలు గీస్తారు, ఒకరు నీళ్ల క్యాన్లు తెస్తారు. మనసుండి వచ్చి తిట్లు తినే పనికి మాత్రం ఎవరూ దొరకలేదు. పరశురాములు దొరికాడు. సెల్‌లో చూసి రూల్సు నేర్చుకున్నాడు, నల్ల చొక్కా కుట్టించుకున్నాడు, పెద్దవాళ్లు ఎలా నడుచుకోవాలో బోర్డు కూడా రాయించాడు. గీత దాటి లోపలికి రావద్దు. అరవొద్దు, అరిచినవాళ్లు గీత అవతలికి వెళ్లాలి. రెండు జట్లకూ చప్పట్లు కొట్టాలి. ఆ బోర్డును జనం తువ్వాళ్లు ఆరేసుకోవడానికి వాడుకున్నారు.

పోయిన ఆదివారం త్రో ఎవరిది అన్నదాని మీద తండా మాన్‌సింగ్ గ్రౌండులోకి ఉరికొచ్చాడు. ఊరి జట్టులో ఆడే జగన్‌కు నానమ్మ అయిన యాకమ్మ కర్ర పట్టుకుని ఎదురెళ్లింది. ఎవరి చెప్పో ఎవరికో తగిలింది. మాన్‌సింగ్ బిడ్డ గోరీ, తండా జట్టు గోల్ కీపరు, గోలు ముందరే కూచుని ఏడ్చింది. సాయంత్రం వెంకట్ పరశురాములు షాపుకొచ్చాడు.

"అన్నా, గిట్లయితె నడువది. గ్రౌండిచ్చినోళ్లు ఫోన్ జేసిండ్రు. వచ్చే ఐతారం మల్ల లొల్లయితె విజిల్ ఇంకొకలకు ఇస్త. ఏమనుకోకు."

"లొల్లి జేసింది వాళ్లు గదనే! నేనేం జేసిన?"

"లొల్లి ఆపుడే గదా రెఫరీ పని."

ఆ వారమంతా పరశురాములుకు చేతిలో తీగ సరిగ్గా తిరగలేదు. విజిల్ పోతే ఇక ఆదివారం కూడా సోమవారమే.

అందుకే బెల్లం. కొన్న తర్వాత చూస్తే సంచి లేదు. గ్రౌండు మూలల్లో జెండాలు కుట్టగా మిగిలిన ఎర్రగుడ్డ ఇంట్లో ఉంటే అందులో మూటకట్టాడు. ఒక చేతిలో బంతులున్న వల, ఇంకో చేతిలో బోర్డు. మూట నెత్తిన పెట్టుకుని నడిచాడు.

మేడారం జాతర అయిపోయి ఇంకా ఎన్నో రోజులు కాలేదు. సమ్మక్క సారలమ్మ తల్లులకు బెల్లమే బంగారం. మొక్కు తీరినవాళ్లు తమ బరువుకు సరితూగే బంగారం తల్లి గద్దెకు ఇచ్చి, అందులో కొంత మూటగట్టి నెత్తిన పెట్టుకుని ఊరికి తెచ్చి పంచుతారు. ఈ సంగతి మానుకోటలో చంటిపిల్లకు కూడా తెలుసు. పరశురాములుకూ తెలుసు. కానీ ఆ పొద్దు అతని తలలో ఫుట్‌బాల్ ఉంది, తల మీద బెల్లం ఉంది. రెండూ కలిసి ఎలా కనబడతాయో ఆలోచించే జాగా ఆ తలలో లేదు.

ముందుగా చూసింది మాన్‌సింగ్ భార్య సోమ్లీ. గ్రౌండు మొత్తంలో పెద్ద గొంతు ఆమెదే.

"ఓయమ్మో, అన్న బంగారం తెచ్చిండు!"

చెప్పులు విడిచింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. రెండు చేతులూ దోసిలి పట్టింది. ఆమె వెనక మాన్‌సింగ్, అతని వెనక యాకమ్మ, ఆమె వెనక మిగతా జనం. ఒక్కరు తోసుకోలేదు. పోయిన ఆదివారం చెప్పులు విసురుకున్నవాళ్లు ఇప్పుడు వాటిని వరసగా విడిచి నిలబడ్డారు. పరశురాములు ఆ వరసను చూసి మురిసిపోయాడు. బోర్డు ఇన్నాళ్లకు పని చేసింది అనుకున్నాడు.

"నోట్లె ఏస్కోండ్రి," అన్నాడు ఒక్కొక్కరి దోసిట్లో ముక్క పెడుతూ. "కొరుకొద్దు. ఆట అయిపోయేదాంక ఎవరు నోరు దెరువొద్దు."

సోమ్లీ ముక్కను కళ్లకద్దుకుంది. "ఇన్నరా? నోట్లె తల్లి బంగారం ఉన్నంతసేపు చెడు మాట అనొద్దంట. అన్నోళ్లకు తగుల్తదంట," అని వెనక్కి అందించింది. పరశురాములు అంత మాట అనలేదు. కానీ వరస చివరికి చేరేసరికి ఆ మాట అతనే అన్నాడని, అమ్మవారే అతని నోట పలికించిందని అనే దాకా వచ్చింది.

యాకమ్మ మాత్రం మెల్లగా అడిగింది. "ఏం మొక్కు మొక్కిండొ?"

"ఇంకేం మొక్కుంటదవ్వా," అన్నాడు మాన్‌సింగ్. "పెండ్లాం ఇంటికొచ్చి ఉంటది. మనిషి మొఖం జూడు, ఎంత కళొచ్చింది."

యాకమ్మ పుట్టిల్లు చిల్పూర్. ఆమె బంగారాన్ని బుగ్గన పెట్టుకుని, కళ్లు తుడుచుకుని, సెల్ తీసుకుని గోడ పక్కకు నడిచింది.

ఆట మొదలైంది. మొదట్లో పరశురాములుకు స్వర్గంలో ఉన్నట్టే ఉంది. బంతిని తన్నిన చప్పుడు వినబడుతోంది. పిల్లల ఊపిరి వినబడుతోంది. అవతల పట్టాల మీద పోయే గూడ్సు బండి పెట్టె పెట్టెకీ విడిగా వినబడుతోంది. అతను ఫౌల్ ఇస్తే ఫౌల్, త్రో ఇస్తే త్రో. ఊరి జట్టు జగన్, తండా హన్మంత్‌ను తగిలి పడేసి, చేయి పట్టి లేపి, మోకాలి దుమ్ము కూడా దులిపాడు. గీత అవతల నుంచి యాకమ్మ కళ్లతోనే "శభాష్" అంది.

కొంతసేపయ్యాక అతనికి ఏదో తేడాగా అనిపించింది. ఎక్కడో విన్న నిశ్శబ్దమే ఇది. తాళం తీసి లోపలికి అడుగు పెట్టగానే ఎదురొచ్చే నిశ్శబ్దం. తన ఇల్లు తన వెనకే నడిచొచ్చి, గ్రౌండు మధ్యలో కాళ్లు చాపుకుని కూచున్నట్టుంది. ఇంతమంది చుట్టూ ఉన్నారు, ఇన్ని కళ్లు తనమీదే ఉన్నాయి, పిలిచే గొంతు లేదు. వారం వారం సోమ్లీ "ఓ పరశురాములూ, కండ్లు షాపుల మర్చి వచ్చినవా?" అని అరిచేది. ఏడు రోజుల్లో అతన్ని పేరు పెట్టి పిలిచేది ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆమె దేవుడి పటం ముందు నిలబడ్డట్టు నిలబడింది.

సగం ఆటకు విజిల్ ఊదాడో లేదో, జేబులో సెల్ మోగింది.

"ఎవతె వచ్చింది?"

ఆ గొంతు ఎవరిదో తట్టడానికి అతనికి కొంచెం టైం పట్టింది.

"లతా?"

"నా పేరు యాదికున్నదా? ఇంటికి ఎవతె వచ్చిందని అడుగుతున్న."

"ఎవలు రాలే."

"అబద్ధాలాడకు. నీ పెండ్లాం ఇంటికొచ్చిందట, నిలువెత్తు బంగారం తూగినవట, మానుకోట మొత్తం పంచుతున్నవట. యాకవ్వ ఫోన్ జేసి మా వదినెకు చెప్పింది. మా వదినె నన్ను జూసి బీరిపోయింది. నేనీడ బియ్యం చెరుగుతున్నగదా! మరి ఆడికొచ్చింది ఎవతె?"

"అయ్యో, గది బంగారం గాదు, బెల్లం. జనం ఒర్రకుంట ఉండనీకె పంచిన. నోట్లె ఉంటె మాట్లాడరని."

అటువైపు చేట కింద పెట్టిన చప్పుడైంది.

"అంటె జనం నోర్లు మూయనీకె బెల్లం పెడుతున్నవా?"

"ఔ."

"నాకైతె బెల్లం గుడ పెట్టలే. ఉత్తగనే మూయించినవ్."

ఫోన్ పెట్టేసింది. అతను మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు. ఎత్తలేదు. సెల్ జేబులో పెట్టుకుని గోలు పక్కన అలాగే నిలబడ్డాడు. ఎన్నాళ్లకో ఒక మనిషి తన కోసమే కోపం తెచ్చుకుని, తనకే ఫోన్ చేసి, తననే తిట్టింది. ఇంకొంచెం తిట్టి ఉంటే ఏం పోయేది?

ముందు జనానికి నిజం చెప్పేద్దామని గీత దగ్గరికి పోయాడు. "ఇగో, అందరు ఇనుండ్రి. నాకు మొక్కు లేదు గిక్కు లేదు. నా పెండ్లాం రాలే. గది ఉత్త దుకాణం బెల్లం."

జనం ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. మాన్‌సింగ్ ముక్కను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని, చాలా మర్యాదగా, గుసగుసగా అన్నాడు. "తెలుసన్నా. మొక్కు బయటికి చెప్పొద్దు. మేమెవ్వరికి చెప్పం."

"చెప్పుకునేందుకు ఏంలేదు మాన్‌సింగూ!"

"అగో, గట్లనే అనాలె," అని చేతులు జోడించాడు.

పరశురాములుకు కోపం వచ్చింది. మంచి జరగనప్పుడు వచ్చే కోపం అతనికి తెలుసు, దానితో చాలా ఏళ్లుగా కాపురం చేస్తున్నాడు. అంతా మంచిగా జరుగుతుంటే వచ్చిన ఈ కోపాన్ని ఏం చేయాలో తెలియలేదు. వీళ్లతో ఒక్క మాట అనిపించకపోతే తాను మనిషే కాదనుకున్నాడు.

రెండో సగం మొదలవగానే తండాకు రావలసిన త్రో ఊరి జట్టుకిచ్చాడు. మామూలుగా అయితే ఈపాటికి మాన్‌సింగ్ సగం గ్రౌండు దాటి ఉండాలి. మాన్‌సింగ్ తల ఊపాడు. హన్మంత్ బంతి తెచ్చి జగన్ చేతికిచ్చాడు.

తర్వాత ఊరి జట్టు కొట్టిన గోలు, నిఖార్సయిన గోలు, చెల్లదన్నాడు. ఎందుకు చెల్లదో తనకే తెలియదు, ఎవరైనా అడుగుతారని చూశాడు. యాకమ్మ కర్ర కదిలింది. అతను ఆశగా రెండడుగులు అటు వేశాడు. యాకమ్మ కర్రను చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టింది. రెండు జట్లకూ చప్పట్లు కొట్టాలని బోర్డు మీద ఉంది మరి.

ఇక లాభం లేదని తనకు తెలిసినంతలో అన్నిటికంటే ఘోరమైన పని చేశాడు. జగన్ కొట్టిన బంతిని గోరీ గోలు ముందు ఎగిరి రెండు చేతులతో పట్టుకుంది. పరశురాములు చెంపలు పగిలేలా విజిల్ ఊదాడు.

"హ్యాండ్! పెనాల్టీ!"

గోరీ బంతిని గుండెకు పట్టుకుని అతన్ని చూసింది. "సార్, నేను గోల్ కీపర్ను."

"అయితె ఏంది? చేతుల తోని పట్టలేదా?"

"గోల్ కీపరు చేతుల తోనే పడ్తది గదా సార్."

ఫుట్‌బాల్ ఎప్పుడూ చూడనివాడికి కూడా కడుపు మండే తీర్పు అది. పరశురాములు సోమ్లీ వైపు తిరిగి ఎదురుచూశాడు. సోమ్లీ మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు విచ్చుకున్నాయి. ఆమె లోపలి నుంచి ఏదో పెద్దది బయల్దేరి గొంతు దాకా వచ్చింది. అక్కడ బంగారం అడ్డుపడింది. ఆమె గుటక మింగి, కళ్లు మూసుకుని, దండం పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు.

జగన్ పెనాల్టీ కొట్టడానికి వచ్చాడు. బంతినీ గోరీనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కాలి మడమతో, పసిపాపను జోకొట్టినట్టు, బంతిని నెమ్మదిగా ఆమె దగ్గరికి దొర్లించాడు. "థాంక్సు," అంది గోరీ. మళ్లీ చప్పట్లు.

పరశురాములుకు అప్పటిదాకా తెగనిది ఏదో తెగింది. గ్రౌండు నడిమధ్యకు ఉరికి రెండు చేతులూ పైకెత్తి అరిచాడు.

"తిట్టుండ్రి! ఒక్కలన్న తిట్టుండ్రి! గిదేం పెనాల్టీ అని అడుగుండ్రి! సోమ్లీ, నీ బిడ్డకు అన్యాయం జేసిన్నే, కండ్లు పోయినయా అనరాదు? మాన్‌సింగూ, ఉరికిరా! యాకవ్వా, గా కర్ర ఎందుకు పట్టుకున్నవే? నేనేమన్న రాయినా? మనిషిని! జర ఒక్క మాటన్న అనుండ్రి!"

కొందరు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "తల్లి పూనింది," అని ఎవరో గుసగుసగా అన్నారు.

గోరీ గోలు వదిలి అతని దగ్గరికి నడిచి వచ్చింది. గ్లవ్సు పెట్టుకున్న చేతితో గీత వైపు చూపించింది.

"సార్, మీరు ఒర్రిండ్రు. ఒర్రినోళ్లు గీత అవుతలికి పోవాలె. బోర్డు మీద రాసున్నది."

అతను బోర్డు వైపు చూశాడు. ఆ రోజు దాని మీద తువ్వాలు కూడా లేదు, అక్షరం అక్షరం కనబడుతోంది. రూలు రూలే. పరశురాములు తల వంచుకుని గీత దాటి అవతలికి పోయాడు. అతను వస్తుంటే జనం రెండు వైపులా జరిగి దారిచ్చారు. అతను నిలబడ్డాక ఇంకొంచెం జరిగారు. తల్లి పూనిన మనిషికి తాకేంత దగ్గరగా ఎవరు నిలబడతారు? అతని చుట్టూ రెండు బర్రెలు కట్టేసుకునేంత జాగా ఖాళీగా మిగిలింది.

లోపల ఆట నడిచింది. రెఫరీ లేకుండానే నడిచింది. చేతికి బంతి తగిలినవాడు తానే చేయెత్తాడు. త్రో ఎవరిదో పిల్లలే మాట్లాడుకుని తేల్చుకున్నారు. ఎవరూ ఏడవలేదు. పరశురాములు ఆ ఖాళీ జాగాలో నిలబడి, కొంచెం దూరంగా ఉన్న యాకమ్మతో, "ఆట మంచిగున్నదవ్వా," అన్నాడు. యాకమ్మ కళ్లతో నవ్వి, తన బుగ్గను చూపించి, మాట్లాడకూడదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆట చివర్లో వెంకట్ వచ్చాడు. అతను మెడికల్ షాపు మూసేసి, గొడవ ఆపడానికని ఇద్దరు బలమైన మనుషులను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ఇద్దరికీ చేయడానికి పని లేకపోతే సోమ్లీ వాళ్లకూ చెరో ముక్క ఇచ్చింది. పిల్లలు వరసలో నిలబడి ఒకరికొకరు చేతులు కలుపుతున్నారు. వెంకట్ ఆ దృశ్యాన్ని సెల్‌లో వీడియో తీసుకుంటూ పరశురాములు దగ్గరికి వచ్చాడు.

"ఏం జేసినవన్నా గిది! జనగామ ఆటలకు పోయిన, భూపాలపల్లి పిల్లల ఆటలు గుడ జూసిన. గిసుంటి గ్రౌండు యాడ జూడలే."

"వెంకట్, నేను గోల్ కీపరు మీద హ్యాండ్ ఇచ్చిన."

"ఇచ్చినవట, చెప్పిండ్రు."

"మంచి గోలు గుడ చెల్లదన్న. కావాల్నని. ఆఖరికి నన్ను బయటికి ఎల్లగొట్టిండ్రు. నువ్వు విజిల్ తీస్కో. కాని నాకు గీత పక్కకు నిలబడి ఒర్రే జాగ ఇయ్యి. గంతే చాలు."

వెంకట్ సెల్ జేబులో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూస్తివా, ఎంత తప్పు ఇచ్చినా ఒక్కలు కిక్కురుమన్నరా? గదే అన్నా రెస్పెక్టంటె. నిన్ను తీసేస్తె నన్ను జనం బతుకనిస్తరా? ఎన్నేండ్లయినా రెఫరీవి నువ్వే."

అతను వద్దంటున్నా వినకుండా వెంకట్ గ్రౌండు మధ్యకు పోయి చేతులెత్తాడు. జనం అప్పటికే నిశ్శబ్దంగా ఉన్నారు కాబట్టి నిశ్శబ్దంగా ఉండమని చెప్పాల్సిన పని పడలేదు.

"పరశురాములన్న మనకు పెద్దమనిషి. ఆయన తిప్పల మనం అర్థం జేసుకోవాలె. ఇయ్యాల్టి సంది ఇంకొక్క రూలు. ఆటల గాని, ఆటయినంక గాని, తొవ్వల గాని, అన్నతోని ఎవరు మాట్లాడి ఆయన్ను పరేషాన్ జేయొద్దు."

అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు, మళ్లీ దండాలు పెట్టారు, చెప్పులు తొడుక్కుని, అతనికి దారిచ్చి, పక్కనుంచి ఒదిగి ఒదిగి వెళ్లిపోయారు.

ఆ ఏడాది పొడుగునా మానుకోటలో ఆ రూలును ఒక్కరూ తప్పలేదు.